కార్తిక పౌర్ణమికి సముద్ర స్నానం: బయలుదేరే ముందు ఒక మాట

కార్తిక మాసం సమీపిస్తున్నది. సింహాద్రిపురం, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నుంచి బస్సులు, జీపులు మాట్లాడుకొని, రాత్రంతా ప్రయాణించి, పౌర్ణమి నాటి వేకువకు సముద్రపు ఒడ్డుకు చేరుకొనే కుటుంబాలు ఏటేటా పెరుగుతున్నాయి. కొందరు నెల్లూరు వైపు మైపాడుకు, కొందరు ఒంగోలు వైపు కొత్తపట్నానికి, మరికొందరు చీరాల దగ్గరి వాడరేవు, రామాపురాలకు, బాపట్ల దగ్గరి సూర్యలంకకు, ఇంకా ఓపిక ఉన్నవారు బందరు దాటి మంగినపూడికి వెళుతున్నారు. స్నానం చేసి, తడిబట్టలతోనే ఒడ్డున దీపం వెలిగించి, అరటిదొప్పలో నీటిపై వదిలి, ఉదయించే సూర్యునికి నమస్కరించి వస్తారు. ఆ ఆచారాన్ని నేను తప్పుపట్టను. వెట్టి చాకిరి వంటి వ్యవసాయంలో ఏడాదంతా నలిగే కుటుంబం ఒక్కరోజు నలుగురితో కలిసి సముద్రాన్ని చూసి రావటం మనసుకు మంచి మందేనని వైద్యునిగా కూడా చెప్పగలను. నా ఆందోళన మరొకటి.

పౌర్ణమి మరునాటి దినపత్రికలలో జిల్లా పేజీలు తిరగవేయండి. "సముద్ర స్నానానికి వెళ్ళి యువకుల గల్లంతు" అన్న శీర్షిక ఏదో ఒక తీరం నుంచి ఉంటుంది. రెండు పేరాల వార్త. అలల ఉధృతికి కొట్టుకుపోయారని, గాలింపు కొనసాగుతున్నదని అందులో రాస్తారు. రెండు మూడు రోజుల తరువాత దేహం ఒడ్డుకు వచ్చిందన్న మరి రెండు వాక్యాలు. అంతటితో ఆ కథ ముగుస్తుంది. గల్లంతు అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉన్నది. దానిలో కర్త లేడు, కారణం లేదు, బాధ్యత లేదు. తిరునాళ్ళలో వస్తువు పోయినట్టుగా మనిషి పోయాడని చెప్పే మాట అది. జనం ఏ తేదీన వస్తారో ఏడాది ముందే పంచాంగంలో అచ్చయి ఉంటుంది. ఏ తీరాలకు వస్తారో అందరికీ తెలుసు. ఏ గంటకు నీటిలో దిగుతారో తెలుసు. స్థలమూ, తిథీ, వేళా ముందే తెలిసిన చోట జరిగే మరణాన్ని ఊహించని ప్రమాదమని అనటానికి నా మనసు ఒప్పుకోదు.

ఈ మాసంలోనే సముద్రం ఎందుకు ఎక్కువ కఠినంగా ఉంటుందో మొదట తెలుసుకోవాలి. కార్తికం అంటే సాధారణంగా అక్టోబరు చివర, నవంబరు నెలలు. ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపానులు పుట్టే కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పది వేలమందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన కార్తిక మాసంలోనిదే. సరిగ్గా అదే తేదీన, 2021 నవంబరు 19న, మన ఉమ్మడి కడప జిల్లాలోనే రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళమీద పడింది. ఆ రోజు కార్తిక పౌర్ణమి. దీపాలు పెట్టటానికి ఏటి ఒడ్డున శివాలయానికి వెళ్ళిన భక్తులను ఆ వరద తీసుకుపోయింది. తుపాను మనకు దూరంగా, ఎక్కడో నడిసముద్రంలో ఉన్నా, దాని అలలు వందల మైళ్ళు ప్రయాణించి మన తీరానికి వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకుండా, అలలు మాత్రం పెద్దవిగా రావటం అందువల్లనే. పైగా పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువ. అంటే నీరు మామూలు రోజులకంటే లోపలికి వస్తుంది, మామూలుకంటే వెనక్కి పోతుంది. మనం స్నానానికి ఎంచుకున్న తిథి, సముద్రం ఎక్కువగా కదిలే తిథి ఒకటే. 2004 డిసెంబరు 26 కూడా పౌర్ణమే. ఆ ఉదయం మంగినపూడిలో స్నానాలు చేస్తున్నవారిని సునామీ తీసుకుపోయింది. సునామీ తరచుగా రాదు, నిజమే. కాని ప్రతి పౌర్ణమికీ వచ్చేది మరొకటి ఉన్నది.

దానిని ఆంగ్లంలో రిప్ కరెంట్ అంటారు. వెనక్కి లాగే పాయ అని నేను చెబుతుంటాను. అలలు ఒకదాని వెనుక ఒకటి ఒడ్డుకు నీటిని తెచ్చి పోస్తూ ఉంటాయి. అంత నీరూ మళ్ళీ సముద్రంలోకి పోవాలి కదా. అడుగున ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ ఏటిపాయవలె గుమిగూడి వడిగా వెనక్కి పరుగెత్తుతుంది. ఈ పాయ ఉన్నచోట అలలు విరగవు. నురగ ఉండదు. నీరు కొంచెం నల్లగానో, ఇసుక కలిసి మురికిగానో, చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. పిల్లల తల్లి అటూ ఇటూ చూసి, ఇక్కడ అలలు తక్కువగా ఉన్నాయి, ఇక్కడ దిగండి నాయనా అంటుంది. ఆ తల్లి వివేకమే అక్కడ శత్రువవుతుంది. మోకాళ్ళ లోతులో ఉన్న మనిషి నాలుగు అడుగులు వేసేసరికి కాళ్ళకింద ఇసుక జారి, నడుము లోతు, ఆపైన అందని లోతు. ఈ పాయ మనిషిని కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. భయపడి ఒడ్డువైపు ఎదురీదినవాడు అలసిపోయి మునిగిపోతాడు. వేగంగా ఉన్న పాయకు ఎదురుగా ఒలింపిక్ ఈతగాడు కూడా ముందుకు పోలేడు. ఈత వచ్చినవారు దానితో పోట్లాడకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటి, ఆ తరువాత అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఈత రానివారు వెల్లకిల తేలుతూ చేయి పైకెత్తి సహాయం కోసం ఆగాలి. అయితే చీర కట్టుకున్న, ఈత రాని మనిషి అంతటి భయంలో వెల్లకిల తేలగలదని చెప్పి మిమ్మల్ని నేను మభ్యపెట్టను. ఆమెకు ఉన్న ఏకైక రక్షణ మోకాలి లోతు దాటకపోవటం. చెంబుతో తలపై నీళ్ళు పోసుకున్నా అది సముద్ర స్నానమే.

ఇక మన సీమవారి సంగతి. మా తరంలో ఈ ప్రాంతపు పిల్లలు దిగుడుబావులలో నడుముకు బెండు కట్టుకొని ఈత నేర్చుకున్నారు. మొదట పెద్దవాళ్ళు గట్టుమీదనుంచి తోసేవారు. అది మొరటు బోధనే, కాని ఊరికి పదిమంది ఈతగాళ్ళను తయారుచేసింది. తరువాత బోరుబావులు వచ్చాయి. భూమిలో నీరు పాతాళానికి దిగింది. దిగుడుబావులు ఎండి చెత్తకుండీలయ్యాయి. రెండు తరాల పిల్లలు చీనీ తోటల మధ్య పెరిగి పెద్దవారయ్యారు గాని, వారికి తేలే విద్య తెలియదు. బావిలో నేర్చుకున్న ఈతైనా కదలని నీటిలోని ఈత. సముద్రం అలా కాదు. తీరప్రాంతపు పల్లెకారుల పిల్లవాడు అలను చూసి వెనక్కి తగ్గుతాడు, మన పిల్లవాడు అలను చూసి ముందుకు ఉరుకుతాడు. ధైర్యంలో తేడా కాదది, పరిచయంలో తేడా.

ఉద్యోగరీత్యా కొంతకాలం తీరప్రాంతంలో పనిచేశాను. పౌర్ణమి మరునాడు శవపరీక్షలు చేయవలసివచ్చినప్పుడు రెండు సంగతులు నా దృష్టికి వచ్చాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది పదిహేను, ఇరవై అయిదేళ్ళ మధ్య మగపిల్లలు. రెండవది, వారు తరచుగా జంటలుగా వచ్చేవారు. అన్నదమ్ములు, బావాబావమరుదులు, ఒకే గది స్నేహితులు. మొదటివాడు కొట్టుకుపోతే రెండవవాడు పట్టుకోబోయి పోయినవాడు. మునిగిపోతున్న మనిషి ఏది దొరికితే దానిని ఆసరాగా పట్టుకొని పైకెక్కాలని చూస్తాడు. చేయి అందించిన మనిషి మెడే అతనికి మెట్టు. అందుకని చేయి అందించకండి, వస్తువు అందించండి. తాడు, పంచె, చీర, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, గాలి నింపిన ట్యూబు, ఏదైనా సరే విసరండి. నలుగురూ చేతులు పట్టుకొని గొలుసుకట్టుగా లోపలికి నడవటం మన కుటుంబాలకు ఇష్టమైన సరదా. ఒక కాలు జారితే ఆ గొలుసు మొత్తం పోతుంది.

మునిగేవాడు కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని సినిమాలు మనకు నేర్పాయి. నిజంగా మునిగేవాడు మౌనంగా మునుగుతాడు. నోరు నీటిపైకి వచ్చిన క్షణంలో గాలి పీల్చుకోవటానికే వ్యవధి చాలదు, ఇక కేక ఎక్కడిది? నిలువుగా నీటిలో నిలబడినట్టుండి, తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టానికి సమంగా ఉంటే ఆ మనిషి ఆడుకోవటం లేదు. ఈ స్థితి ఒక నిమిషానికి మించి ఉండదు. ఒడ్డున సెల్ఫీ దిగేందుకు పట్టే సమయం అది. అందుచేత ప్రతి బృందంలోనూ నీటిలో దిగకుండా, ఫోను చూడకుండా, తమవారిని లెక్కపెడుతూ ఒడ్డున నిలబడే పెద్దమనిషి ఒకరు ఉండాలి.

ఒడ్డుకు చేర్చిన తరువాత చేయవలసినది ఏమిటి? ఇక్కడ మనవారు చేసే పనులు చూస్తే బాధ కలుగుతుంది. కాళ్ళు పట్టుకొని తలకిందులుగా వేలాడదీస్తారు. భుజాన వేసుకొని పరుగెత్తుతారు. కడుపుమీద మోకాలు పెట్టి నొక్కి, నీళ్ళు కక్కించామని సంతోషిస్తారు. ఆ వచ్చిన నీరు ఊపిరితిత్తులలోనిది కాదు, కడుపులోనిది. దానిని నొక్కి పైకి తెస్తే వాంతి అయి, అదే ఊపిరితిత్తులలోకి దిగుతుంది. ఊపిరితిత్తులలోకి పోయే నీరు నిజానికి కొద్దిపాటిదే. దానిని తీయటానికి ప్రయత్నిస్తూ గడిపే నిమిషాలలో మెదడు చనిపోతుంది. ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాలలో మెదడు దెబ్బతినటం మొదలవుతుంది. మేము వైద్యవిద్య చదివిన రోజులలో మంచినీటిలో మునిగినవాడికి రక్తంలో ఒక రకపు మార్పు, ఉప్పునీటిలో మునిగినవాడికి వేరొక రకపు మార్పు అని పట్టికలు వేసి బట్టీ పట్టించేవారు. చికిత్సకు ఆ తేడాతో పెద్ద పని లేదని తరువాత తేలింది. రెండింటిలోనూ చంపేది ఒకటే, ఊపిరి ఆడకపోవటం.

కనుక చేయవలసినది ఊపిరి పోయటం. మనిషిని గట్టినేలపై వెల్లకిల పడుకోబెట్టి పిలిచి, తట్టి చూడండి. పలకకుండా, శ్వాస లేకుండా ఉంటే ఒకరు 108కి ఫోను చేయండి, మరొకరు పని మొదలుపెట్టండి. నుదుటిపై చేయి వేసి తలను కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో నోటిలోకి ఛాతీ లేచేటట్టు గాలి ఊదండి. మొదట రెండు నుంచి అయిదుసార్లు ఊదాలి. ఆ తరువాత ఛాతీ నడుమ రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, పెద్దవారిలో అయిదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. ముప్పైసార్లు నొక్కటం, రెండుసార్లు ఊదటం, ఇలా అంబులెన్సు వచ్చేవరకు ఆపకుండా చేయాలి. గుండెపోటుతో పడిపోయినవారికి నొక్కటం ఒక్కటే చాలునని మీరు విని ఉంటారు. మునిగినవారి విషయం వేరు. వారి గుండె ఆగింది గాలి లేక. గాలి ఇవ్వకుండా నొక్కితే ప్రాణవాయువు లేని రక్తాన్నే తిప్పుతున్నట్టు. తేరుకొని లేచి కూర్చున్నవారిని కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళి కొన్ని గంటలపాటు పరిశీలనలో ఉంచాలి. దగ్గు, ఆయాసం ఆలస్యంగా పెరగవచ్చు. పుణ్యం కొద్దీ బయటపడ్డాడని చెప్పి అదే బస్సులో ఎక్కించి రాత్రంతా ప్రయాణం చేయించకండి.

ఈ మధ్య ఫోన్లలో ఉప్పు వైద్యం ఒకటి తిరుగుతున్నది. నీటిలో మునిగి చనిపోయినవారిని బస్తాల కొద్దీ ఉప్పులో కప్పిపెడితే ఉప్పు నీటిని పీల్చుకొని ప్రాణం తిరిగి వస్తుందట. మన పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో 2022లో ఒక బాలుని దేహాన్ని ఇలాగే గంటల తరబడి ఉప్పులో ఉంచి ఎదురుచూశారు. పిల్లవాడు లేవలేదు. చదువుకున్నవారు కూడా ఈ సందేశాన్ని "పదిమందికీ పంపండి" అంటూ నాకు పంపుతున్నారు. దయచేసి పంపకండి. ఉప్పు కోసం అంగడికి పరుగెత్తే సమయంలో ఊపిరి ఊదితే బతికే పిల్లవాడు ఉండవచ్చు.

ఉపవాసం గురించి కూడా చెప్పాలి. పౌర్ణమి నాడు చాలామంది ఏమీ తినకుండా స్నానానికి వెళతారు. చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకొనేవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు ఉపవాసంతో, నిద్రలేని రాత్రి తరువాత అలలలో నిలబడితే చక్కెర పడిపోయి నీటిలోనే స్పృహ తప్పవచ్చు. ఉపవాసపు రోజు మందు ఎంత వేసుకోవాలో ముందే మీ వైద్యుని అడిగి వెళ్ళండి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి నిద్ర చాలకపోవటమే మూర్ఛ రావటానికి ఒక కారణం. వారు ఒడ్డున కూర్చొని చెంబుతో స్నానం చేయటం మేలు. మద్యం సంగతి వేరుగా చెప్పాలా? కార్తిక స్నానానికి వచ్చి తాగేవారెవరని పెద్దలు అడుగుతారు. బస్సు వెనుక సీట్లలో కూర్చొన్న కుర్రవాళ్ళను అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు మూడు లక్షలమంది నీటమునిగి చనిపోయారు. మన దేశంలో 2022లో జాతీయ నేర నమోదు సంస్థ లెక్కకెక్కిన ఇటువంటి మరణాలు 38 వేలకు పైగా. ఒక జ్వరం వల్ల ఇంతమంది పోతే మందులు, బడ్జెట్టు, ప్రత్యేక అధికారి, గోడలమీద రాతలు అన్నీ ఉండేవి. నీటి మరణానికి మన వ్యవస్థలో యజమాని లేడు. తీరం ఒక శాఖది, ఉత్సవం ఒక శాఖది, బస్సు ఒక శాఖది, శవం మాత్రం ఆసుపత్రిది. 2024 జూన్‌లో రామాపురం తీరంలో మరణాలు జరిగిన తరువాత అక్కడికి కొన్నాళ్ళు సందర్శకులను రానివ్వలేదు. అది అప్పటికి అవసరమే కావచ్చు. కాని తీరాన్ని మూయటం, తెరవటం తప్ప మన దగ్గర మూడవ ఉపాయం లేకపోవటమే నా ఆక్షేపణ.

ఆ మూడవ ఉపాయం కొత్తది కాదు. గోవా ప్రభుత్వం 2008 నుంచి తన తీరాలలో శిక్షణ పొందిన రక్షకులను జీతాలకు నియమించింది. మునిగి చనిపోయేవారి సంఖ్య అక్కడ గణనీయంగా తగ్గింది. ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు నాటి, వాటి మధ్యనే స్నానం చేయమనే పద్ధతి ఎన్నో దేశాలలో ఉన్నది. చదువు రానివారికి కూడా రెండు జెండాలు అర్థమవుతాయి. మన తీరంలో రక్షకులను వెదకటానికి ఎక్కడికో పోనక్కరలేదు. ఏ చోట పల్లం పడిందో, ఏ వారం పాయ ఎటు జరిగిందో పల్లెకారులకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, మనిషి పోయిన తరువాత దేహాన్ని వెదకటానికి వారిని పిలుస్తున్నారు. ముందురోజే పిలవవచ్చు కదా. కార్తికం వారికి వేటకాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు రెండు నెలల నిషేధంలో ఇంట కూర్చొన్నవారిని వేటకాలంలో ఒకరోజు ఊరికే కాపలా ఉండమనటం న్యాయం కాదు. ఆ రోజు వేటలో వచ్చే ఆదాయానికి తగ్గకుండా కూలి ఇచ్చి, లైఫ్ జాకెట్లు, పడవ ఇచ్చి నిలబెట్టాలి. సముద్రపు అలల హెచ్చరికలు ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాదులోనే ఉన్నది. దాని హెచ్చరిక మత్స్యకారులకు చేరుతున్నట్టుగా, సీమ నుంచి బయలుదేరే బస్సు డ్రైవరు ఫోనుకు కూడా చేరాలి. పత్రికలవారికి నా విన్నపం ఒక్కటే. గల్లంతు వార్త రాసేటప్పుడు ఆ తీరంలో ఆ వేళ రక్షకులు ఎందరున్నారో, హెచ్చరిక బోర్డు ఉన్నదో లేదో ఒక వాక్యం కలపండి. రెండేళ్ళపాటు ఆ వాక్యం అచ్చయితే, సమాధానం చెప్పవలసినవారు ఎవరో తేలుతుంది.

నీటి భయం మనకు సముద్రంలోనే కాదు, ఇంటి ముందుకూ వచ్చింది. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు నిండింది, పులివెందుల కాలువలో నీళ్ళు పారుతున్నాయి, చీనీ తోటలలో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలు వెలిశాయి. కరువు సీమకు ఇది సంతోషమే. కాని ఆ పట్టా తడిస్తే పాకుడు రాయి వంటిది. లోపల పడిన పిల్లవాడు ఎంత ప్రయత్నించినా గట్టెక్కలేడు. కుంట చుట్టూ కంచె వేయండి, ముడులు వేసిన తాడును గట్టున మేకుకు కట్టి నీటిలోకి వేలాడదీయండి. పది దాటిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఈత నేర్పే ఏర్పాటు మండలానికి ఒకటైనా ఉండాలని ఇంతకుముందు కూడా రాశాను, మళ్ళీ రాస్తున్నాను.

ఈ ఏడాది మన మండలం నుంచి బయలుదేరే ప్రతి బస్సులోనూ గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి, ముప్పై గజాల తాడు ఒకటి ఉంచమని బస్సు మాట్లాడేనాడే అడగండి. పాత ట్యూబు పంక్చరు అంగడిలో దొరుకుతుంది. తాడు ప్రతి రైతు ఇంట్లోనూ ఉన్నది.